హోమ్‌బిల్డర్ షేర్లు: ఏ లెక్క చూడాలి, ఏ కంపెనీని ఎంచుకోవాలి?

2025 ఏప్రిల్‌లో మా బావమరిది డాలస్‌కు ఉత్తరాన సెలైనాలో ఇల్లు చూడ్డానికి వెళ్తూ నన్నూ తోడు రమ్మన్నాడు. మోడల్ హోమ్ వంటింటి గట్టు మీద ఒక కాగితం ఉంది. కట్టడం పూర్తయి, వెంటనే దిగడానికి సిద్ధంగా ఉన్న ఇళ్ళ పట్టిక. పదకొండు వరసలు. ఒక్కో వరసలో అడ్రసు, చదరపుటడుగులు, కొట్టేసిన పాత ధర, పక్కన కొత్త ధర. కింద పెద్దక్షరాల్లో, తమ లెండర్ దగ్గర లోన్ తీసుకుంటే 4.99 శాతమే వడ్డీ అని. ఆ వారం బయట ముప్ఫయ్యేళ్ళ లోన్ వడ్డీ 6.8 దగ్గరుంది. మావాడు పట్టికలో తూర్పు ముఖం ఇళ్ళు వెతికితే ఒక్కటే దొరికింది. మనవాళ్ళు ఎక్కువగా కొనే కమ్యూనిటీల్లో తూర్పు లాట్లు (ఇంటి స్థలాలు) ముందే వెళ్ళిపోతాయి, చివరికి మిగిలేవి పడమర, దక్షిణాలు.

తిరిగొస్తుంటే కారులో అడిగాడు: “బావా, ఎటు చూసినా ఈ హోమ్‌బిల్డర్ కంపెనీలవాళ్ళే కడుతున్నారు. వీళ్ళ షేర్లు కొనేస్తే పోలా?”

కొనొచ్చు. అయితే ఎన్ని కడుతున్నారన్నది చూసి కొనకూడదు. పూర్తయినా అమ్ముడుపోని ఇళ్ళు ఎన్ని ఉన్నాయి, వాటిని కదిలించడానికి కంపెనీ తన జేబులోంచి ఎంత పెడుతోంది, ఇవీ చూడాల్సినవి. రెండూ ఆ కాగితం మీదే ఉన్నాయి. అమెరికా మొత్తానికి ఇవే రెండు విషయాలు ఏ లెక్కలో దొరుకుతాయి, ఏ కంపెనీ వాటికి ఎంతవరకు తట్టుకుంటుంది అన్నదే ఈ వ్యాసం.

నెలనెలా వచ్చే లెక్కల్లో ఏది పనికొస్తుంది

వార్తల్లో ముందుగా కనబడేది హౌసింగ్ స్టార్ట్స్, అంటే ఆ నెలలో పని మొదలుపెట్టిన ఇళ్ళు. అమెరికా ప్రభుత్వ గణాంక సంస్థ సెన్సస్ బ్యూరో ప్రతి నెలా మూడో వారం ప్రాంతంలో ఉదయం ఎనిమిదిన్నరకు విడుదల చేస్తుంది. 13 లక్షలని చెప్పారంటే ఆ నెలలో 13 లక్షల ఇళ్ళు మొదలయ్యాయని కాదు. ఇదే ఊపు ఏడాదంతా సాగితే అన్ని అవుతాయని అర్థం.

మొదట్లో నేను ఈ అంకె చూసే కొని నష్టపోయాను. ఒక నెల స్టార్ట్స్ బాగా పెరిగాయని వార్త రాగానే అదే రోజు ఒక బిల్డర్ షేరు కొన్నాను. సాయంత్రం తీరిగ్గా పట్టిక తెరిస్తే పెరుగుదలంతా అయిదు, అంతకు మించి ఇళ్ళున్న అపార్ట్‌మెంట్ భవనాల్లోనే ఉంది. విడి ఇళ్ళు తగ్గాయి. నేను కొన్న కంపెనీ ప్రధానంగా కట్టేవి విడి ఇళ్ళు. అప్పట్నుంచి మొత్తం అంకెను పట్టించుకోవడం మానేసి, సింగిల్ ఫ్యామిలీ వరసకే వెళ్తున్నాను. అక్కడ కూడా అంకె పక్కన ప్లస్ ఆర్ మైనస్ అని వేసే తేడాను చూడండి. చాలా నెలల్లో ఆ తేడా అసలు మార్పు కంటే పెద్దదిగా ఉంటుంది. అలాంటప్పుడు పెరిగిందనీ చెప్పలేం, తగ్గిందనీ చెప్పలేం. ఆ సంగతి నక్షత్రం గుర్తు పెట్టి వాళ్ళే ఒప్పుకుంటారు కూడా.

అదే విడుదలలో వచ్చే పర్మిట్లు, అంటే కట్టడానికి ఇచ్చే అనుమతులు, ఇంతకంటే నమ్మదగినవి. వానకూ మంచుకూ స్టార్ట్స్ ఎగిరి పడతాయి, పర్మిట్లు అంతగా ఊగవు. పైగా పని కంటే ముందు పర్మిట్ వస్తుంది కాబట్టి బిల్డర్ మనసులో ఏముందో ముందే తెలుస్తుంది. రెంటిలో ఒకటే చూడగలిగితే సింగిల్ ఫ్యామిలీ పర్మిట్లు చూడండి, మూడు నెలల సగటు తీసి.

ఇక అమ్మకాలు. కొత్త ఇళ్ళ అమ్మకాలను సెన్సస్ బ్యూరో, పాత ఇళ్ళ అమ్మకాలను రియల్టర్ల జాతీయ సంఘం లెక్కగడతాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్ళు ఒక విషయం మర్చిపోతుంటారు. కొత్త ఇల్లు అగ్రిమెంట్ రాసుకున్న రోజునే అమ్మినట్టు లెక్క. పాత ఇల్లు క్లోజింగ్ అయ్యాక, అంటే డబ్బు కట్టి ఇల్లు చేతులు మారాక గానీ లెక్కలోకి రాదు. అందుకని వడ్డీ రేట్లు మారితే ముందు కదిలేది కొత్త ఇళ్ళ అంకె. పాత ఇళ్ళది నెలో రెండు నెలలో వెనక వస్తుంది. ఇంకో లోపం ఏమిటంటే కొత్త ఇంటి అగ్రిమెంట్ తర్వాత రద్దయినా పాత లెక్కను దిద్దరు. క్యాన్సిలేషన్లు పెరిగే రోజుల్లో అమ్మకాలు ఉన్నదానికంటే బాగా కనిపిస్తాయి.

పాత ఇళ్ళ లెక్క బిల్డర్ షేర్లకు అక్కర్లేదా అంటే, ఒక్క పనికి కావాలి. 2020, 2021లో మూడు శాతానికి లోన్ తీసుకున్నవాళ్ళు ఏడు శాతానికి మారడం ఇష్టం లేక ఇళ్ళు అమ్మడం మానేశారు. 2024లో పాత ఇళ్ళ అమ్మకాలు దాదాపు 40.6 లక్షలే, 1995 తర్వాత అంత తక్కువ లేదు. బజారులో పాత సరుకు లేకపోతే కొనేవాడు బిల్డర్ దగ్గరికే రావాలి. 2023లో బిల్డర్లకు కలిసొచ్చింది అదే. పాత ఇళ్ళు మళ్ళీ అమ్మకానికి వచ్చేకొద్దీ ఆ లాభం కరిగిపోతుంది.

వీటన్నిటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది కొత్త ఇళ్ళ అమ్మకాల నివేదికలో ఎవరూ పెద్దగా తెరవని పట్టిక. అమ్మకానికి ఉన్న కొత్త ఇళ్ళను అందులో మూడుగా విడగొడతారు: ఇంకా మొదలుపెట్టనివి, కడుతున్నవి, పూర్తయినవి. మొదటి రెండూ ఎక్కువున్నా బిల్డర్ ఆగగలడు. పూర్తయిన ఇల్లు అలా కాదు. ఖాళీగా ఉన్న ప్రతి రోజూ వడ్డీ, పన్ను, ఇన్సూరెన్స్, గడ్డి కోయించే ఖర్చు నడుస్తూనే ఉంటాయి. అందుకే ధర తగ్గించి వదిలించుకుంటాడు. 2025 మధ్యలో పూర్తయి అమ్ముడుపోని కొత్త ఇళ్ళు లక్ష దాటాయి, 2009 తర్వాత అంత పెద్ద అంకె అదే. సెలైనాలో మేం చూసిన పదకొండు వరసలూ ఆ లక్షలోవే.

ధరల సూచీల విషయానికొస్తే, కేస్ షిల్లర్ పేరు గొప్పదే గానీ బిల్డర్ షేర్లకు అది చాలా ఆలస్యం. అది మూడు నెలల సగటు, రెండు నెలలు ఆలస్యంగా వస్తుంది. అంతకంటే ముఖ్యంగా అది ఒకే ఇల్లు రెండుసార్లు అమ్ముడైనప్పుడు వచ్చే తేడాను కొలుస్తుంది. మొదటిసారి అమ్ముడయ్యే కొత్త ఇల్లు అందులో ఉండే వీల్లేదు. కొత్త ఇళ్ళ మధ్యస్థ ధర కూడా పూర్తి నిజం చెప్పదు. బిల్డర్లు చిన్న ఇళ్ళు కట్టడం మొదలుపెడితే అది పడిపోతుంది. కొనేవాళ్ళ లోన్ వడ్డీలో కొంత తామే భరించి అమ్మితే ఆ ఖర్చు అందులో కనబడదు. 4.99 శాతం ఇస్తామన్న ఇల్లు కూడా కాగితం మీది ధరకే అమ్ముడైనట్టు లెక్కకెక్కుతుంది.

ఇళ్ళ బిల్డర్ల జాతీయ సంఘం, వెల్స్ ఫార్గో బ్యాంకు కలిసి ఇచ్చే సూచీ బిల్డర్లను నేరుగా అడిగి తయారుచేసేది. 50 దాటితే ఎక్కువమంది బజారు బాగుందన్నట్టు. ఇది స్టార్ట్స్ కంటే ఒక రోజు అటూ ఇటూగా ముందే వస్తుంది. 2020 ఏప్రిల్‌లో 30కి పడి, అదే నవంబరులో 90కి చేరింది. బిల్డర్లలో ఎంతమంది ధర తగ్గించారో, ఎంతమంది ఇన్సెంటివ్‌లు (వడ్డీ తగ్గింపులాంటి రాయితీలు) ఇస్తున్నారో కూడా ఇందులో చెబుతారు. నేను అసలు సూచీ కంటే ఆ రెండు శాతాలనే ఎక్కువ చూస్తాను.

ఫెడ్ కాదు, పదేళ్ళ బాండు

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ తగ్గిస్తే బిల్డర్ షేర్లు పెరుగుతాయని మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో గట్టి నమ్మకం. 2024 సెప్టెంబరులో ఫెడ్ అర శాతం తగ్గించింది. ఆ నెలాఖరులో, ఇంటి లోన్లు కొనే సంస్థ ఫ్రెడ్డీ మాక్ వారపు సర్వేలో ముప్ఫయ్యేళ్ళ లోన్ 6.08 శాతం. 2025 జనవరి మధ్యకు అది 7.04 శాతానికి ఎక్కింది. ఈ నడుమ ఫెడ్ మరో రెండుసార్లు తగ్గించింది కూడా! ఇంటి లోన్ వడ్డీ అమెరికా ప్రభుత్వపు పదేళ్ళ ట్రెజరీ బాండు మీది వడ్డీ వెంట నడుస్తుంది, దాని పైన కొంత తేడా వేసుకుంటుంది. ఆ తేడా మామూలు రోజుల్లో ఒకటిన్నర నుంచి రెండు శాతం లోపు, 2023లో మూడు శాతం దాకా పోయింది. కాబట్టి ఫెడ్ సమావేశం తేదీ కంటే ప్రతి గురువారం వచ్చే ఫ్రెడ్డీ మాక్ అంకె, రోజూ కదిలే పదేళ్ళ బాండు మీకు ఎక్కువ చెబుతాయి.

కంపెనీ ఫలితాల్లో మొదట తెరవాల్సిన పేజీ

ఆదాయం, లాభం తర్వాత చూడొచ్చు. ముందు గ్రాస్ మార్జిన్, అంటే అమ్మిన ధరలో స్థలం, కట్టుబడి ఖర్చులు పోను మిగిలే శాతం. ఎందుకంటే మోడల్ హోమ్‌లో కొట్టేసిన ధరా, తగ్గించిన వడ్డీ అన్నీ చివరికి ఇక్కడికే వచ్చి చేరతాయి. నాలుగు లక్షల డాలర్ల ఇంటి మీద వడ్డీ తగ్గించడానికి బిల్డర్ ఆరు శాతం ఖర్చు పెట్టాడనుకోండి, 24 వేల డాలర్లు పోయినట్టు. ఇరవై రెండు శాతం మార్జిన్ ఉన్న కంపెనీకి ఆ ఇంటి మీద మిగలాల్సింది 88 వేలు. దాంట్లో నాలుగో వంతుకు పైగా ఒక్క ఇన్సెంటివ్‌తోనే పోయింది, అదీ సిబ్బంది జీతాలూ కమీషన్లూ తీయకముందే.

పెద్ద బిల్డర్లలో ఒకటైన లెనార్ విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 2022 రెండో త్రైమాసికంలో దాని గ్రాస్ మార్జిన్ 29.5 శాతం. 2025 మూడో త్రైమాసికానికి 17.5. ఇళ్ళు అమ్ముడుపోవడం ఆగలేదు. ఆగకుండా ఉండడానికి కట్టిన మూల్యం ఆ పన్నెండు శాతం.

తర్వాత చూడాల్సినవి కొత్త ఆర్డర్లు, క్యాన్సిలేషన్ శాతం. ఆర్డర్లు పెరిగాయంటే కమ్యూనిటీల సంఖ్య కూడా పెరిగిందేమో చూడండి. ఇరవై శాతం ఎక్కువ కమ్యూనిటీలు తెరిచి పది శాతం ఎక్కువ ఆర్డర్లు తెస్తే అది పెరుగుదల కాదు, ఒక్కో చోట అమ్మకం తగ్గడమే.

తేదీల వల్ల ఒక సౌకర్యం ఉంది. లెనార్, కేబీ హోమ్ ఆర్థిక సంవత్సరం నవంబరుతో ముగుస్తుంది, కాబట్టి వాటి ఫలితాలు మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు ప్రాంతాల్లో మిగతావాళ్ళకంటే ముందు వస్తాయి. డీఆర్ హార్టన్, పల్టే, ఎన్‌వీఆర్ మరో నెల తర్వాత. లెనార్ మార్జిన్ గురించి ఏం చెప్పిందో విన్నవాడికి మిగతా కంపెనీల సంగతి సగం తెలిసినట్టే.

కంపెనీలను వేరు చేసేది భూమి

ఇటుకలూ కలపా అందరికీ ఒకటే. భూమిని ఎవరు ఎలా పట్టుకున్నారన్నదే తేడా. పెద్ద పతనం వచ్చినప్పుడు కంపెనీని ముంచేది ఎక్కువ ధరకు కొని పెట్టుకున్న స్థలాలే. వాటి విలువ తగ్గించి రాసుకోవాల్సి వస్తుంది.

దీనికి ఎన్‌వీఆర్ కంటే మంచి ఉదాహరణ లేదు. వర్జీనియాలోని రెస్టన్ కేంద్రంగా, రయన్ హోమ్స్ పేరుతో ఎక్కువగా తూర్పు రాష్ట్రాల్లో కడుతుంది. 1992లో దివాలా పిటిషన్ వేసింది, మరుసటి ఏడాది బయటపడింది. ఆ దెబ్బ తర్వాత భూమి కొనడం దాదాపు మానేసింది. స్థలం యజమానికి కొద్దిపాటి డిపాజిట్ కట్టి ఆప్షన్, అంటే తర్వాత కొనే హక్కు, తీసుకుంటుంది. ఇంటికి గిరాకీ దొరికాక లాట్ కొని కడుతుంది. బజారు పడితే డిపాజిట్ వదులుకుని పక్కకు తప్పుకుంటుంది. 2008లో డీఆర్ హార్టన్ ఒక్క ఏడాదిలో 260 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపిస్తే, ఎన్‌వీఆర్ ఆ ఏడాది కూడా లాభంలోనే ఉంది. డివిడెండ్ ఇవ్వదు, మిగిలిన డబ్బుతో సొంత షేర్లు కొంటుంది. షేరు విడగొట్టకపోవడం వల్ల ఒక్కోటి వేల డాలర్లు. చిన్న మొత్తంతో కొనాలంటే షేరులో ముక్క అమ్మే బ్రోకరేజీ ఉండాలి.

టెక్సస్ ఆర్లింగ్టన్‌లోని డీఆర్ హార్టన్ 2002 నుంచీ ఇళ్ళ సంఖ్యలో దేశంలో మొదటిది. 2024 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 90 వేల ఇళ్ళు అప్పగించింది. మొదటి ఇల్లు కొనేవాళ్ళే దాని ప్రధాన గిరాకీ, అందుకని వడ్డీ రేటుకు గట్టిగా ఊగుతుంది. పాఠం నేర్చుకుని లాట్లు తయారుచేసే ఫోర్‌స్టార్ కంపెనీలో మెజారిటీ వాటా కొని, ఆప్షన్ల వైపు బాగా జరిగింది. వడ్డీ తగ్గుతుందని గట్టిగా నమ్మేవాళ్ళకు ఇది సరైన షేరు.

లెనార్ 2025 ఫిబ్రవరిలో తన భూముల్లో పెద్ద భాగాన్ని మిల్‌రోజ్ అనే వేరే కంపెనీగా విడదీసింది. అంటే ఇళ్ళు కట్టడానికి లెనార్, స్థలం పట్టుకోవడానికి మిల్‌రోజ్. మార్జిన్ తగ్గినా సరే ఇళ్ళ సంఖ్య తగ్గనివ్వం అన్నది వీళ్ళ దారి. ఆ దారి నాకు నచ్చదు. సంఖ్య నిలబెట్టుకోవడానికి వాటాదారు సొమ్ము కరిగించడం ఎంతకాలం సాగుతుందో చూడాలి. అయితే బజారు తిరిగినప్పుడు ఎక్కువగా ఎగిరేదీ ఇలాంటి కంపెనీయే.

పల్టే దగ్గర మూడు రకాల గిరాకీలున్నాయి: సెంటెక్స్ మొదటి ఇంటివాళ్ళకు, పల్టే పెద్ద ఇంటికి మారేవాళ్ళకు, డెల్ వెబ్ యాభై అయిదు దాటినవాళ్ళకు. చివరివాళ్ళలో పాత ఇల్లు అమ్మిన డబ్బు చేతిలో ఉన్నవాళ్ళు ఎక్కువ, వడ్డీతో పని తక్కువ. టోల్ బ్రదర్స్ కొనుగోలుదారులు కూడా అంతే. సగటు ధర పది లక్షల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది, దాదాపు నాలుగో వంతు మంది లోనే తీసుకోరు. అయితే వాళ్ళకు వడ్డీ కంటే షేర్ మార్కెట్ పడిపోవడం పెద్ద దెబ్బ. మీ దగ్గర ఇప్పటికే టెక్ షేర్లు బాగా ఉంటే టోల్ కూడా వాటితోపాటే పడుతుందని గుర్తుంచుకోండి.

ఒక కంపెనీనా, ఈటీఎఫ్‌నా

త్రైమాసిక ఫలితాలు చదివే ఓపిక లేకపోతే ఈటీఎఫే మేలు, అంటే చాలా కంపెనీల షేర్లను కలిపి ఒక్క షేరులా అమ్మే ఫండ్. ప్రధానంగా రెండున్నాయి, పేర్లు ఒకేలా ఉన్నా సరుకు వేరు. ఐషేర్స్‌వారి ఐటీబీలో బరువు ఎక్కువగా డీఆర్ హార్టన్, లెనార్, పల్టే, ఎన్‌వీఆర్ మీదే ఉంటుంది. ఎస్‌పీడీఆర్‌వారి ఎక్స్‌హెచ్‌బీ అందరికీ దాదాపు సమానంగా పంచుతుంది. కిటికీలు, ఏసీలు, ఫర్నిచర్, హోమ్ డిపో లాంటి దుకాణాలు కూడా గణనీయంగా ఉంటాయి. కొత్త ఇళ్ళ మీదే పందెం అయితే ఐటీబీ. కొత్త ఇళ్ళు కట్టినా కట్టకపోయినా పాత ఇళ్ళ మరమ్మతులు సాగుతాయని అనుకుంటే ఎక్స్‌హెచ్‌బీ. ఖర్చు రెండింటికీ ఏడాదికి 0.35 నుంచి 0.4 శాతం మధ్యే. మూడు రెట్లు ఊగే నెయిల్ అనే ఫండ్ కూడా ఉంది. అది రోజువారీ ట్రేడర్ల కోసం చేసింది, నెలల తరబడి పట్టుకుంటే బజారు అక్కడే ఉన్నా మీ డబ్బు తగ్గిపోవచ్చు.

ఏ ధరకు

పీఈ (షేరు ధర ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే లెక్క) ఆరో ఏడో ఉంది, చవక అని ఈ షేర్లు కొనకండి. బజారు పైన ఉన్నప్పుడు లాభాలు ఉబ్బి పీఈ చిన్నగా కనిపిస్తుంది. 2005లో అంతే కనిపించింది. ఆ ఏడాది కొత్త ఇళ్ళు 12.8 లక్షలు అమ్ముడయ్యాయి, 2011 నాటికి 3.06 లక్షలు. ఆ మధ్యలో లాభాలే లేకుండా పోయాయి. ఈ రంగానికి బుక్ వాల్యూతో (అప్పులు పోను మిగిలే ఆస్తుల విలువతో) పోల్చడమే సరైన కొలత. అదీ భూమి ఎక్కువున్న కంపెనీకి. ఎన్‌వీఆర్‌కు అది సరిపోదు.

ఇంకోటి, షేరు ధర లెక్కలకంటే ముందు నడుస్తుంది. 2022 చివర్లో బిల్డర్ల సూచీ 31కి పడింది. ఆ సెప్టెంబరు త్రైమాసికంలో డీఆర్ హార్టన్ క్యాన్సిలేషన్లు 32 శాతం. అంత చెడ్డ వార్తలప్పుడు కొన్నవాళ్ళకు 2023లో ఐటీబీ 60 శాతానికి పైగా పెరిగింది. వాళ్ళు కొన్నప్పటికి చాలా లెక్కలు ఇంకా బాగుపడలేదు. అందుకని నేను లెక్కలు బాగుపడేదాకా ఆగను. మార్జిన్ పడే వేగం తగ్గిందా, పూర్తయిన ఇళ్ళ సంఖ్య పెరగడం ఆగిందా అని చూస్తాను. రెండూ ఒకే త్రైమాసికంలో కనిపిస్తే మూడు విడతల్లో కొంటాను.

ఎవరికి ఏది

డాలస్‌లో ఉద్యోగం, డాలస్‌లో ఇల్లు ఉన్నవాళ్ళు గ్రీన్ బ్రిక్ లాంటి కంపెనీ జోలికి పోకపోవడమే మంచిది. ప్లేనో కంపెనీ, మంచి మార్జిన్లున్నదే, కానీ దాని వ్యాపారంలో పెద్ద భాగం డాలస్ చుట్టుపక్కలే. ఇక్కడ ఐటీ ఉద్యోగాలు తగ్గితే మీ జీతం, ఇంటి విలువ, షేరు మూడూ ఒకేసారి దిగుతాయి. మా బావమరిదికి నేను చెప్పింది ఎన్‌వీఆర్ ముక్క గానీ, ఐటీబీ గానీ, అదీ మొత్తం పొదుపులో అయిదు శాతం మించకుండా.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమెరికా షేర్లు కొనేవాళ్ళు పన్ను సంగతి ముందే చూసుకోవాలి. డివిడెండ్‌లో 25 శాతం అక్కడే కోస్తారు. అమెరికా ఆస్తులు 60 వేల డాలర్లు దాటాక మనిషి పోతే వారసుల మీద అక్కడి ఎస్టేట్ ట్యాక్స్ పడుతుంది. ఈ విషయంలో మన దేశంతో ఒప్పందం లేదు. అలాగే ఈ అమెరికా కొలతలను డీఎల్ఎఫ్‌కో ప్రెస్టీజ్‌కో అలాగే వాడొద్దు. మన దగ్గర బిల్డర్ కొనేవాళ్ళ వాయిదాలతో కడతాడు, కాబట్టి చూడాల్సింది ప్రీసేల్స్ (కట్టకముందే అమ్మినవి), వసూళ్ళు. అమెరికాలో డబ్బులో చాలా భాగం క్లోజింగ్ రోజునే వస్తుంది. అప్పటిదాకా ఇంటి బరువంతా బిల్డర్ మీదే, అందుకే పూర్తయిన ఇళ్ళ లెక్కకు అక్కడ అంత విలువ.

మావాడు చివరికి పక్క కమ్యూనిటీలో తూర్పు ముఖం ఇల్లు తీసుకున్నాడు, 4.99 వడ్డీకే. ఆగస్టులో గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు దారిలో అదే మోడల్ హోమ్ దగ్గర ఆగాం. గట్టు మీది పట్టికలో పదిహేడు వరసలున్నాయి. ఏప్రిల్‌లో చూసిన అడ్రసుల్లో నాలుగు ఇంకా అక్కడే ఉన్నాయి. మావాడు దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని, అక్టోబరులో మళ్ళీ వద్దాం బావా అన్నాడు.